డిస్కో అఖాతంలో మంచుకొండల లెక్క: ఉపగ్రహ రాడార్ చిత్రాలతో పటం తయారుచేసే పద్ధతి

గ్రీన్‌లాండ్ పశ్చిమ తీరంలో, 69వ ఉత్తర అక్షాంశానికి కాస్త పైన, ఇలులిస్సాట్ అనే పట్టణం ఉంది. అక్కడివారి భాషలో ఆ పేరుకు అర్థమే మంచుకొండలు అని. పట్టణం పక్కనున్న ఇరుకైన సముద్రపు పాయలోకి సెర్మెక్ కుయల్లెక్ అనే హిమానీనదం ముక్కలు ముక్కలుగా విరిగిపడుతూ ఉంటుంది. వాటిలో పెద్దవి పాయ ముఖద్వారం దగ్గర, నీటి అడుగునున్న దిబ్బకు తట్టుకొని నెలల తరబడి ఆగిపోతాయి. చిన్నవి, కరిగి తేలికైనవి ఆ దిబ్బను దాటుకొని డిస్కో అఖాతంలోకి, అక్కడి నుంచి బాఫిన్ అఖాతంలోకి కొట్టుకుపోతాయి. పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో పుట్టిన ఇలాంటి మంచుకొండల్లో కొన్ని లాబ్రడార్ ప్రవాహం వెంట న్యూఫౌండ్‌లాండ్ దాకా దిగివస్తాయి. 1912లో టైటానిక్ మునిగిన తరువాత ఏర్పడిన అంతర్జాతీయ మంచు గస్తీ వ్యవస్థ, 48వ ఉత్తర అక్షాంశం దాటి దక్షిణానికి వచ్చిన మంచుకొండలను నేటికీ ఏటా లెక్కిస్తుంది.

ఈ అఖాతంలో ఒక రోజున ఏ మూల ఎన్ని మంచుకొండలు ఉన్నాయో చూపే పటాన్ని, ఉచితంగా దొరికే రాడార్ చిత్రాలతో, ఇంట్లో ఉన్న మామూలు కంప్యూటర్ మీద ఎలా తయారుచేయవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. పని మొదలుపెట్టే ముందే ఒక మాట మనసులో పెట్టుకోవాలి. పటం మీద ఒక గడి ఖాళీగా కనిపిస్తే అక్కడ మంచుకొండలు లేకపోయి ఉండవచ్చు, ఆ గడిని మనం చూడకపోయి ఉండవచ్చు, చూసినా ఆ నాటి గాలికో కరుగుకో మనకు కనబడకపోయి ఉండవచ్చు. ఈ మూడింటినీ ఒకే తెల్లరంగుతో నింపిన పటం నావికుడిని ముంచుతుంది, పరిశోధకుడిని తప్పుదారి పట్టిస్తుంది. కింద చెప్పబోయే పనుల్లో సగం ఈ మూడింటినీ విడదీయడానికే.

చిత్రం ఎంపిక

ఇలులిస్సాట్‌లో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు సూర్యుడు ఉదయించడు. ఉదయించే కాలంలో మబ్బులు వదలవు. రాడార్ తన వెలుగును తానే పంపుకుంటుంది కాబట్టి చీకటీ మబ్బూ దానికి అడ్డు కావు. ఐరోపా అంతరిక్ష సంస్థ నడుపుతున్న సెంటినెల్-1 ఉపగ్రహాలు 5.5 సెంటీమీటర్ల తరంగాలతో, అంటే సి-బ్యాండ్‌లో, పనిచేస్తాయి. వీటిలో మొదటిది 2014 ఏప్రిల్‌లో, రెండోది 2016లో కక్ష్యలోకి చేరాయి; రెండోది 2021 డిసెంబరులో పాడైపోగా, దాని స్థానాన్ని భర్తీ చేసే సెంటినెల్-1సి 2024 డిసెంబరులో వెళ్లింది. కనుక 2022 నుంచి 2024 చివరి వరకు చిత్రాలు పలచగా దొరుకుతాయని, ఏళ్ల మధ్య పోలిక చేసేటప్పుడు గుర్తుంచుకోవాలి. చిత్రాలను కోపర్నికస్ డేటా స్పేస్ నుంచి గానీ అలాస్కా శాటిలైట్ ఫెసిలిటీ నుంచి గానీ ఉచితంగా దించుకోవచ్చు.

ధ్రువ సముద్రాల మీద ఈ ఉపగ్రహాలు ఎక్కువగా ‘ఎక్స్‌ట్రా వైడ్’ విధానంలో పనిచేస్తాయి. ఒక్కో చిత్రం 400 కి.మీ. వెడల్పున ఉంటుంది, సాధారణంగా దించుకునే రూపంలో పిక్సెల్ 40 మీటర్లు. తీరం వెంబడి ‘ఇంటర్‌ఫెరోమెట్రిక్ వైడ్’ చిత్రాలు కూడా దొరుకుతాయి. వాటి వెడల్పు 250 కి.మీ., పిక్సెల్ 10 మీటర్లు, అసలు స్పష్టత సుమారు 20 మీటర్లు. అఖాతం ఒక్కటే కావాలంటే రెండో రకం తీసుకోండి. బాఫిన్ అఖాతం మొత్తానికి పటం గీయాలంటే మొదటిది తప్పదు. ఒకే వరుస పటాల్లో రెండింటినీ కలపవద్దు, ఎందుకంటే స్పష్టత మారగానే లెక్క మారుతుంది. మంచుకొండలు పెరిగాయనిపిస్తుంది గానీ నిజానికి పెరిగింది మన చూపు.

ధ్రువణం, అంటే తరంగం ఊగే దిశ, సంగతి అంతకంటే ముఖ్యం. హెచ్‌హెచ్ అంటే అడ్డంగా పంపిన తరంగాన్ని అడ్డంగానే అందుకోవడం, హెచ్‌వి అంటే అడ్డంగా పంపినదాన్ని నిలువుగా అందుకోవడం. అలలు హెచ్‌హెచ్‌లో బాగా మెరుస్తాయి, హెచ్‌విలో దాదాపు కనబడవు. మంచుకొండ మాత్రం తన గరుకు ముఖాల వల్లా, లోపలి గాలిబుడగలూ పగుళ్ల వల్లా తరంగాన్ని అటూ ఇటూ చెదరగొడుతుంది కాబట్టి రెండింటిలోనూ కనబడుతుంది. రెండు ధ్రువణాలూ ఉన్న చిత్రాన్నే ఎంచుకోవాలి. హెచ్‌హెచ్ ఒక్కటే ఉన్న చిత్రంతో పని చేయకపోవడమే మేలని నా అభిప్రాయం.

మనవైపు నుంచి కూడా ఈ పనికి దారులు ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన ఇఓఎస్-04 కూడా సి-బ్యాండ్ రాడారే. హైదరాబాదులోని జాతీయ దూరగ్రాహక కేంద్రం తన సమాచారాన్ని భూనిధి అనే వేదిక ద్వారా అందిస్తుంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ అనే రాడార్ ఉపగ్రహంలో 24 సెంటీమీటర్ల ఎల్-బ్యాండ్‌తో పాటు ఇస్రో తయారుచేసిన ఎస్-బ్యాండ్ రాడార్ కూడా ఉంది. అయితే తరంగం పొడవు మారితే అలల మెరుపూ మారుతుంది, మంచులోకి తరంగం చొచ్చుకుపోయే లోతూ మారుతుంది. సి-బ్యాండ్ మీద కుదుర్చుకున్న మెరుపు హద్దులను అక్కడికి ఉన్నవి ఉన్నట్టుగా మోసుకుపోకూడదు.

ఎంత చిన్నవి కనబడతాయి

నీటిపైన మీటరు ఎత్తైనా లేకుండా, పొడవు 5 మీటర్ల లోపు ఉన్న ముక్కను నావికులు గ్రౌలర్ అంటారు. 5 నుంచి 15 మీటర్ల ముక్క బెర్గీ బిట్. 15 నుంచి 60 మీటర్ల వరకు చిన్న మంచుకొండ, 120 వరకు మధ్యరకం, 200 వరకు పెద్దది, ఆపైన అతి పెద్దది. 40 మీటర్ల పిక్సెల్ ఉన్న చిత్రంలో మొదటి రెండు రకాల ఊసే ఎత్తనక్కరలేదు. మూడో రకంలో కొన్ని మాత్రమే, అదీ సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజున, చిక్కుతాయి. కనుక పటం శీర్షికలోనే ‘ఇంత పొడవుకు మించినవి’ అని రాయాలి. ఓడను చిల్లు పొడిచేంత గ్రౌలర్లు ఈ పటంలో ఉండవు.

లెక్కకు ముందు శుభ్రం చేయడం

ఐరోపా అంతరిక్ష సంస్థ ఉచితంగా ఇచ్చే స్నాప్ అనే సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలు. కచ్చితమైన కక్ష్య వివరాలను చిత్రానికి జోడించడం, యంత్రం సొంత రొదను తీసివేయడం, పిక్సెల్ విలువలను, తిరిగివచ్చిన సంకేతం బలాన్ని చెప్పే సిగ్మా-నాట్ అనే కొలతలోకి మార్చడం, నేలను కప్పివేయడం అనేవి ఆ వరుసలోనే జరగాలి. కక్ష్యకూ కొలతకూ ఒక్కో మీట నొక్కితే సరిపోతుంది. రొద విషయంలో మాత్రం ఆగి చూడాలి.

ఎక్స్‌ట్రా వైడ్ చిత్రం ఐదు పట్టీలను పక్కపక్కన కుట్టినట్టుగా తయారవుతుంది. హెచ్‌విలో సముద్రం నుంచి తిరిగివచ్చే సంకేతం ఎంత బలహీనంగా ఉంటుందంటే, దానికంటే యంత్రం సొంత రొదే ఎక్కువ. ఆ రొద కూడా పట్టీ పట్టీకీ వేరు. నేను గీసిన మొదటి పటంలో అఖాతం బయట, నడిసముద్రంలో, ఉత్తరం నుంచి దక్షిణానికి మంచుకొండలు దారానికి గుచ్చినట్టు వరుసగా నిలబడ్డాయి. ఏదో ప్రవాహం కనిపెట్టాననుకొని ఒక సాయంత్రమంతా సంతోషించాను. అది రెండు పట్టీల అతుకు. రొద తీసే మెట్టును నేను దాటవేశాను, అంతే. ఇప్పటికీ, రొద తీసిన తరువాత కూడా, గుర్తింపులన్నిటినీ చిత్రపు అడ్డుకొలత మీద పోగుచేసి అతుకుల దగ్గర గుట్టలేమైనా లేచాయా అని ఒకసారి చూసుకుంటాను.

రాడార్ చిత్రం నిండా గింజల్లా కనబడే మచ్చల రొదను తగ్గించే వడపోతను మాత్రం ఈ దశలో వాడవద్దు. అది చిత్రాన్ని కంటికి నునుపుగా చేస్తుంది, కానీ ఒకటి రెండు పిక్సెళ్లలో ఉన్న చిన్న మంచుకొండను పక్క నీటిలోకి పులిమేస్తుంది. డెసిబెల్‌లోకి మార్చడం కూడా చూడటానికి మాత్రమే. గుర్తింపు లెక్కను అసలు విలువల మీదే చేయాలి.

నేలను కప్పేటప్పుడు తీరరేఖ నుంచి మరికొంత, కనీసం అర కిలోమీటరు, సముద్రంలోకి జరగాలి. గ్రీన్‌లాండ్ తీరం నిండా పటాలకెక్కని బండలూ లంకలూ ఉన్నాయి, అవి రాడార్‌లో అచ్చం మంచుకొండల్లాగే మెరుస్తాయి. వేర్వేరు తేదీల చిత్రాలు పదింటిని ఒకదానిపై ఒకటి పేర్చి, ప్రతిసారీ అదే చోట మెరిసినవాటిని లంకలుగా తీసివేయడం మంచి ఉపాయమే. కానీ ఇలులిస్సాట్ ముఖద్వారం దగ్గర దిబ్బకు తట్టుకున్న మంచుకొండలు కూడా కదలవు కదా, అక్కడ ఈ ఉపాయాన్ని గుడ్డిగా వాడితే అసలు సరుకే పోతుంది. ఇక పాయ లోపల మంచుకొండలూ తునకలూ ఒకదానికొకటి అంటుకొని ముద్దగా ఉంటాయి, నీరు కనిపించదు. కింద చెప్పే పద్ధతి అక్కడ పనిచేయదు. ఆ భాగాన్ని కత్తిరించి ‘లెక్కించలేదు’ అని గుర్తు పెట్టాలి.

గుర్తింపు: చుట్టూ ఉన్న నీటితో పోల్చడం

ఒకే హద్దు పెట్టి, దానికంటే మెరిసిందంతా మంచుకొండ అనడం కుదరదు. ఉపగ్రహానికి దగ్గరి అంచున సముద్రం ఎక్కువగా మెరుస్తుంది, దూరపు అంచున తక్కువగా; గాలి ఉన్నచోట ఒకలా, లేనిచోట మరోలా. అందువల్ల ప్రతి పిక్సెల్‌నూ దాని చుట్టుపక్కల నీటితోనే పోల్చే పద్ధతిని వాడతారు. దీన్ని సీఫార్ అంటారు. తప్పుడు గుర్తింపుల రేటు చిత్రమంతా ఒకేలా ఉండేట్టు హద్దును చోటుచోటుకూ సర్దుకోవడం దీని సారం. స్నాప్‌లో ఇది సముద్రపు వస్తువుల గుర్తింపు అనే విభాగంలో ఉంటుంది. నిజానికి దాన్ని ఓడల కోసం తయారుచేశారు, కాబట్టి అందులో ముందే పెట్టివున్న అంకెలు ఓడలకు సరిపోయేవి.

మధ్యలో పరీక్షకు పెట్టిన పిక్సెల్, దాని చుట్టూ కాపలా చతురస్రం, దాని బయట నేపథ్యపు చతురస్రం ఉంటాయి. కాపలా చతురస్రంలోని పిక్సెళ్లను లెక్కలోకి తీసుకోరు. మంచుకొండ సొంత మెరుపు నేపథ్యంలోకి కారకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. నేపథ్యంలోని నీటి మెరుపు ఎలా పరచుకొని ఉందో చూసి, పరీక్ష పిక్సెల్ అంత మెరవడం నీటికి సాధ్యమేనా అని అడుగుతారు. ఎంత అరుదైతే ఒప్పుకోవాలన్నది మన చేతిలో ఉంది. 400 కి.మీ. భుజం ఉన్న చతురస్రపు చిత్రంలో 40 మీటర్ల పిక్సెళ్లు పది కోట్లు. పది లక్షలకు ఒక తప్పు చాలులే అనుకుంటే, మంచుకొండ ఒక్కటీ లేని సముద్రంలో కూడా వంద మంచుకొండలు పుట్టుకొస్తాయి. నీటి మెరుపు మనం ఊహించిన గణిత రూపానికి కచ్చితంగా ఒదగదు కాబట్టి నిజంలో ఇంకా ఎక్కువే వస్తాయి. అందుకే హెచ్‌హెచ్, హెచ్‌వి రెండింటిలోనూ విడివిడిగా గుర్తించి, రెండింటిలోనూ ఒకేచోట పడినవాటికి ‘నమ్మదగినవి’ అనీ, ఒక్క హెచ్‌విలోనే పడినవాటికి ‘అనుమానం’ అనీ ముద్ర వేసి రెండు జాబితాలూ దాచుకుంటాను. ఒక్క హెచ్‌హెచ్‌లోనే పడినవి చాలావరకు విరిగే అలలు, వాటిని వదిలేస్తాను.

ఇక పెద్ద మంచుకొండల దగ్గర ఏమవుతుందో ఒకటి దగ్గరగా చూద్దాం. కిలోమీటరున్నర పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న మంచుకొండ ఒకటి ముఖద్వారం దగ్గర నిలబడి ఉందనుకోండి. కాపలా చతురస్రం భుజం 500 మీటర్లు, నేపథ్యపు చతురస్రం భుజం 800 మీటర్లు అనుకోండి. పరీక్ష పిక్సెల్ మంచుకొండ నడిమధ్యన ఉన్నప్పుడు, నీరు అనుకొని మనం కొలిచే నేపథ్యం కూడా మంచే. మంచుతో మంచును పోల్చితే తేడా ఏముంటుంది? లెక్క దాన్ని వదిలేస్తుంది. అంచుకు దగ్గరి పిక్సెళ్ల నేపథ్యంలోకి కొంత నీరు వస్తుంది కనుక అక్కడక్కడ కొన్ని పడతాయి. ఫలితంగా మధ్యలో బోలుగా, అంచుల్లో తెగిన గాజుముక్కల్లా ఏడెనిమిది చిన్న గుర్తింపులు మిగులుతాయి. అఖాతంలోకెల్లా పెద్ద మంచుకొండ మాయమై, దాని చోట ఏడెనిమిది పిల్లలు పుడతాయి. పోనీ అంచులు కలిసి ఒక్కటిగా వచ్చిందే అనుకున్నా, ఇంతకంటే పెద్ద వస్తువు ఓడ కాదని కొట్టిపారేసే పరిమితి ఒకటి ఆ సాఫ్ట్‌వేర్‌లో తరువాతి మెట్టున కాచుకొని ఉంటుంది. దాన్ని ముందే పెంచుకోవాలి.

దీనికి విరుగుడు రెండు విడతల్లో పని చేయడం. మొదటి విడతలో హెచ్‌వి చిత్రాన్ని 200 మీటర్ల గడులుగా సగటు చేసి, బాగా మెరిసే పెద్ద ముద్దలను వెతికి, వాటి చుట్టూ చేత్తోనే గీత గీయాలి. అఖాతంలో ఇలాంటివి కొద్దిగానే ఉంటాయి కాబట్టి అరగంట పని. రెండో విడతలో ఆ ముద్దలను, వాటి చుట్టూ ఒక అంచును కప్పివేసి, నేపథ్యపు లెక్కలోకి కూడా రానివ్వకుండా చేసి, మిగిలిన నీటిలో సీఫార్ నడపాలి. పక్కపక్కనే ఉన్న పిక్సెళ్లను కలిపి ఒక వస్తువుగా చేసి, ప్రతిదానికీ అక్షాంశం, రేఖాంశం, పిక్సెళ్ల సంఖ్య, రెండు ధ్రువణాల సగటు మెరుపు, పతన కోణం (రాడార్ తరంగం నీటి మీద పడే వాలు) రాసుకోవాలి. వైశాల్యాన్ని పిక్సెళ్ల సంఖ్యతో కొలిచేటప్పుడు చిన్నవాటి దగ్గర జాగ్రత్త అవసరం: 30 మీటర్ల మంచుకొండ వైశాల్యం సుమారు 900 చదరపు మీటర్లే అయినా, ఒక్క పిక్సెల్ మెరిసినా 1600 అని వస్తుంది, మెరుపు పక్కకు చిందితే దానికి రెట్టింపు. అతి చిన్న తరగతి వైశాల్యాలను నేను పటంలో వాడను, సంఖ్యను మాత్రమే వాడతాను.

ఓడా, మంచుకొండా?

డిస్కో అఖాతంలో చేపల పడవలు, పర్యాటకుల ఓడలు తిరుగుతూనే ఉంటాయి. 2017లో కాగుల్ అనే డేటా పోటీల వేదిక మీద సరిగ్గా ఈ ప్రశ్న మీదే ఒక పోటీ పెట్టారు: 75 పిక్సెళ్ల భుజం ఉన్న చిన్న చతురస్రాలు, రెండు ధ్రువణాలు, పతన కోణం ఇచ్చి, మధ్యలో ఉన్నది ఓడో మంచుకొండో యంత్రం చేత చెప్పించమన్నారు. స్పష్టత తక్కువగా ఉన్న చిత్రంలో కంటికి ఇది తేలని వ్యవహారం. ఓడలు పంపే ఏఐఎస్ స్థాన సమాచారం దొరికితే అదే తేలిక దారి, కానీ రెండు సర్దుబాట్లు చేయాలి. ఓడ స్థానాన్ని చిత్రం తీసిన నిమిషానికి లెక్కగట్టాలి. అంతేగాక, ఉపగ్రహం వైపుకో దూరంగానో కదిలే వస్తువు రాడార్ చిత్రంలో తన అసలు చోటు నుంచి పక్కకు జరిగి కనిపిస్తుంది. చూపు దిశలో సెకనుకు 5 మీటర్ల వేగం ఉన్న ఓడ సుమారు అర కిలోమీటరు జరుగుతుంది. చాలా చిన్న పడవలు ఏఐఎస్ పంపవు. వాటి కోసం, ఒకటి రెండు రోజుల తరువాతి చిత్రంలో ఆ చుట్టుపక్కల అదే పరిమాణం, అదే మెరుపు ఉన్న వస్తువు ఉందా అని చూడటం మంచిది.

గాలి, కరుగు, సముద్రపు మంచు

చిత్రం తీసిన గంటకు గాలి ఎంత వేగంతో ఉందో ఇఆర్‌ఏ5 వాతావరణ సమాచారం నుంచి తీసుకొని ప్రతి గుర్తింపు పక్కనా, గుర్తింపు లేని నీటి పక్కనా రాయండి. సెకనుకు 10 మీటర్లు దాటిన రోజున చిన్న మంచుకొండల లెక్కను నేను నమ్మను. వేసవిలో మంచుకొండ పైభాగం తడిసినప్పుడు తరంగం లోపలికి చొచ్చుకుపోలేదు, లోపలి నుంచి వచ్చే మెరుపు పోతుంది. జూలైలో కొన్ని మంచుకొండలు చుట్టూ ఉన్న అలల కంటే నల్లగా కనబడటానికి ఇదే కారణం. మెరిసేవాటినే వెతికే పద్ధతికి అవి దొరకవు. శీతాకాలంలో సముద్రమే గడ్డకట్టినప్పుడు, గరుకు మంచు గట్లు మంచుకొండల్లా మెరిసి తప్పుడు లెక్కను పెంచుతాయి. సముద్రపు మంచు కప్పిన ప్రాంతాన్ని, డెన్మార్క్ వాతావరణ సంస్థ విడుదల చేసే మంచు పటాలను చూసి, వేరే గుర్తుతో విడదీయాలి.

గడులు వేయడం

చుక్కలు గుచ్చిన పటం కంటే గడుల పటం ఉపయోగకరం. కోపర్నికస్ సముద్ర సేవ ద్వారా వచ్చే మంచుకొండల పటాల్లో 10 కి.మీ. భుజం ఉన్న గడిలో ఎన్ని ఉన్నాయో ఇస్తారు. అదే కొలత వాడితే మన పటాన్ని వారి పటంతో పోల్చుకోవచ్చు. ఉత్తర ధ్రువానికి వాడే ఇపిఎస్‌జి 3413 అనే ప్రక్షేపణ, అంటే గుండ్రని భూమిని చదును పటంగా పరిచే పద్ధతి, 70వ అక్షాంశం దగ్గర సరైన కొలత ఇస్తుంది కాబట్టి డిస్కో అఖాతానికి పర్వాలేదు. దక్షిణాన లాబ్రడార్ దాకా వెళ్లే పటానికి మాత్రం వైశాల్యం చెడని 6931 తీసుకోవాలి, లేకపోతే ఒక్కో గడి ఒక్కో వైశాల్యం అవుతుంది.

ప్రతి గడికీ ఒక సంఖ్య కాదు, మూడు కావాలి: దొరికిన మంచుకొండలు ఎన్ని, ఆ గడిలో నిజంగా వెతికిన నీరు ఎన్ని చదరపు కిలోమీటర్లు, ఆ నాటి గాలిలో కనబడే కనీస పొడవు ఎంత. తీరం వెంబడి గడిలో వంద చదరపు కిలోమీటర్లకు ముప్పయ్యే నీరు ఉండి, అందులో తొమ్మిది మంచుకొండలు దొరికితే, వందకు ముప్పయి సాంద్రత అని వేయాలి. వెతికిన నీరు పది లోపు ఉంటే సాంద్రత లెక్కగట్టకుండా అడ్డగీతలు గీయడం నా అలవాటు. వెతికి, ఏమీ దొరకని గడికి తెలుపు. వెతకని గడికి బూడిదరంగు. గాలి వల్ల చిన్నవి కనబడని గడికి చుక్కలు.

సరిచూసుకోవడం

మబ్బు లేని రోజున సెంటినెల్-2 తీసిన 10 మీటర్ల మామూలు ఫోటో దొరికితే పోల్చిచూడవచ్చు. రెండు చిత్రాల మధ్య మూడు గంటల తేడా ఉండి, ప్రవాహం సెకనుకు 20 సెంటీమీటర్లైతే, మంచుకొండ రెండు కిలోమీటర్లకు పైగా జరిగిపోతుంది. కాబట్టి ముందుగా నేలకు తట్టుకొని కదలని పెద్దవాటితో చిత్రాలు సరిగ్గా ఒకదానిపై ఒకటి కూర్చున్నాయో లేదో చూసుకొని, తేలేవాటిని ఒక్కొక్కటిగా కాకుండా గుంపుల ఆకారంతో జతచేయాలి. ఫోటోలో ఉండి రాడార్‌లో దొరకనివి ఎన్నో పరిమాణం వారీగా రాస్తే, పైన అడిగిన కనీస పొడవు చాలావరకు అక్కడే తేలుతుంది.

దక్షిణ ధ్రువానికి వెళ్తే పని తీరే వేరు. 2017 జూలైలో అంటార్కిటికాలోని లార్సెన్-సి అనే తేలే మంచు పలక నుంచి విడిపోయిన ఏ-68 అనే మంచుకొండ వైశాల్యం సుమారు 5800 చదరపు కిలోమీటర్లు. అలాంటివాటికి అమెరికా జాతీయ మంచు కేంద్రం పేరు పెట్టి ఒక్కొక్కదాన్నే వెంటాడుతుంది. వాటికి సీఫార్ అక్కరలేదు, అంచు గీసి తేదీ వేస్తే చాలు. ఆ పెద్దవాటి చుట్టూ రాలిన వేల ముక్కలకు మాత్రం ఇదే పద్ధతి.

చివరిగా, వరుస పటాలు గీసేవారు తేదీ తేదీ లెక్కలను కూడవద్దు. జూన్ 3న దొరికిన నలభై, జూన్ 5న దొరికిన నలభై ఐదు కలిసి ఎనభై ఐదు కావు. ముఖద్వారం దిబ్బకు తట్టుకున్న పెద్దవి రెండు రోజులూ అక్కడే ఉన్నాయి. నెల పటం కావాలంటే ప్రతి గడికీ ఆ నెలలో వెతికిన రోజుల సాంద్రతకు సగటు కట్టి, ఎన్ని రోజులు వెతికారో గడి మూలన చిన్న అంకెగా వేయండి.